ఛాయాగ్రాహకుని ప్రయాణపు మూట

1877వ సంవత్సరమున, అమెరికాలోని రాచెస్టరు నగరమునందు ఒక బ్యాంకులో గుమాస్తాగా పనిచేయుచుండిన జార్జి ఈస్ట్‌మన్ అను యువకుడు, కరీబియను సముద్రమునందలి సాంటో డొమింగోకు పోయి రావలెనని సంకల్పింపగా, పోయినచోట చూచినదెల్ల ఛాయాచిత్రములుగా తీసికొనివచ్చిన బాగుండునని తోడి యుద్యోగి యొకడు సలహా యిచ్చెను. సలహా మనసునకు నచ్చి అతడు ఆ కాలమున దొరకు పరికరములనెల్ల కొనెను. విద్య తెలిసినవారికి రుసుము చెల్లించి పాఠములు నేర్చెను. కొన్నవానినన్నింటిని ఒకచోట పేర్చి చూడగా, సబ్బుల పెట్టెయంతటి కెమెరా, దానిని నిలుపుటకు బరువైన ముక్కాలి స్టాండు, గాజుపలకలు, పలకలనుంచు చట్రములు, రసాయనముల సీసాలు, సిల్వర్ నైట్రేటు తొట్టి, నీళ్ల పాత్ర, ఇవి చాలవన్నట్లు చీకటిగదికి బదులుగా వేయవలసిన నల్లని గుడారము కలిసి, ఒక గుఱ్ఱము మోయదగినంత బరువయ్యెను. సాంటో డొమింగో ప్రయాణము జరుగనే లేదు. కాని ఒక చిత్రమును తీయుటకు ఇంత మోత యేల యను ప్రశ్నమాత్రము అతనిని విడువలేదు. జరిగిన యాత్రల ఫలములను చరిత్రకారులు విరివిగా వర్ణించియున్నారు; జరుగని యాత్ర యొకటి లోకమునందలి యాత్రికులందఱకును ఇంతటి యుపకారము చేయుట మిక్కిలి యరుదు.

దేశాంతరమునకు పోవువాడు వెంట ఏ కెమెరాను కొనిపోవలెను, ఏది యింట విడువవలెను అను విచారము నేటి విమానప్రయాణికులతో పుట్టినది కాదు. ఛాయాగ్రహణవిద్య పుట్టిన యేడాదినుండియు ఉన్నదే. ఆ విద్యాచరిత్రను చెప్పువారు సాధారణముగా ఒక్కొక్క నూతనకల్పనను, దానిని కనిపెట్టినవాని పేరును, తేదీని వరుసగా చెప్పుకొనిపోవుదురు. అది తప్పనను. అయినను దూరదేశములకు కెమెరాను మోసికొనిపోయినవారి వృత్తాంతములను చదివినకొలది, ఈ చరిత్రకు అసలైన కొలబద్ద బరువేయనియు, ఆ బరువు ఎవరి భుజములమీద నుండెనో తెలిసికొననిదే ఆ చిత్రముల విలువ మనకు పూర్తిగా బోధపడదనియు నాకు తోచుచున్నది.

ఫ్రాన్సు దేశమున దాగేరు కనిపెట్టిన పద్ధతి 1839 ఆగస్టు 19వ తేదీన లోకమునకు వెల్లడియయ్యెను. ఆ నవంబరులోనే చిత్రకారుడు హొరేస్ వెర్నే మొదలగువారు ఆ యంత్రముతో ఈజిప్టునందలి అలెగ్జాండ్రియా రేవులో దిగిరి. విద్య పుట్టుటయు దేశాంతరమునకు బయలుదేరుటయు దాదాపు ఒక్కసారియే జరిగినవన్నమాట. దాగేరు పద్ధతికి వలయు సంపూర్ణసామగ్రి, అనగా కెమెరా, వెండిపూతగల రాగిరేకులు, వానిని మెఱుగుపెట్టు సాధనములు, అయొడీను పెట్టె, పాదరసమును కాచు పెట్టె, అన్నియు కలిసి సుమారు 50 కిలోల బరువుండెడిది. అట్టి సామగ్రితో జిరోల్ ద ప్రాంజే అను ఫ్రెంచి పండితుడు 1842 మొదలు 1845 వఱకు ఇటలీ, గ్రీసు, ఈజిప్టు, సిరియా, పాలస్తీనా దేశములలో సంచరించి, 800లకు పైగా రేకులను భద్రముగా ఇంటికి చేర్చెను. ఆ రేకు ఒక్కొక్కటియు ఒకే ప్రతి. దానినుండి మఱియొక ప్రతి తీయ వీలులేదు. ఇసుకపడినను, వ్రేలు తగిలినను చిత్రము చెడును. అట్టివానిని మూడేండ్లపాటు ఓడలమీదను ఒంటెలమీదను త్రిప్పి క్షేమముగా తెచ్చిన వాని ఓర్పు సామాన్యమైనది కాదు.

ఇంగ్లండులో టాల్బట్ కనిపెట్టిన కాగితపు నెగటివు పద్ధతి యాత్రికునకు తొలి యూరట కలిగించెను. కాగితము పగులదు, పుస్తకములో పెట్టుకొని పోవచ్చును, ఒక నెగటివునుండి ఎన్ని ప్రతులనైనను అచ్చువేయవచ్చును. 1849లో నవలాకారుడు ఫ్లోబేరుతో కూడి ఈజిప్టునకు పోయిన మాక్సిం దు కాం కాగితమునే నమ్ముకొని, 1852లో 125 చిత్రముల సంపుటమును వెలువరించెను. ఆ కాగితమునకు మైనము పట్టించుపద్ధతి వచ్చినపిదప సౌలభ్యము మఱింత హెచ్చెను. ఏలయన మైనపు కాగితమును ముందుగానే సిద్ధపఱచి, తీసిన తరువాత కొన్నిదినములకు తీరికగా కడుగవచ్చును. బాటప్రక్కన గుడారము వేసి రసాయనములతో కుస్తీపట్టవలసిన పనిలేదు. కాగితపు నార చిత్రములో కనబడుట, వెలుగుకై చాలసేపు నిలువవలసివచ్చుట దీని లోపములు.

ఈ విషయమున మన ప్రాంతమునకు నేరుగా సంబంధించిన వ్యక్తి లీనియస్ ట్రైప్. ఈస్టిండియా కంపెనీ సైన్యములో అధికారియైన ఇతడు, 1855లో బర్మారాజు కడకు పంపబడిన రాయబారముతో ఆ దేశమునకు పోయి, జబ్బును వానను సరకుచేయక 200లకు పైగా కాగితపు నెగటివులు తీసెను. పిదప మద్రాసు ప్రభుత్వమువారు అతనిని తమ ఛాయాగ్రాహకునిగా నియమింపగా, ఎద్దుబండ్లమీద సామగ్రి నెక్కించుకొని శ్రీరంగము, తంజావూరు, మధుర మొదలగు క్షేత్రములను తిరిగెను. అప్పటికి గాజుపలకల పద్ధతి ప్రచారములోనికి వచ్చియే యున్నది. అది కాగితముకన్న స్ఫుటమైన చిత్రము నిచ్చుననియు ట్రైప్ ఎఱుగును. అయినను ఎండను, దుమ్మును, బండికుదుపులను లెక్కించుకొని అతడు ఎక్కువగా మైనపు కాగితమునే పట్టుకొనెను. తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానమును చుట్టియున్న శాసనమును 21 నెగటివులుగా తీసి, వానిని జోడించి 19 అడుగుల పొడవుగల చిత్రముగా కూర్చగలుగుటకు ఆ కాగితపు తేలికదనమే కారణము. ఏది ఉత్తమమైన పరికరము అని కాక, ఈ దారికి ఈ ఋతువునకు ఏది తగినది యని యడిగిన తొలివారిలో ఇతడొకడని నా విశ్వాసము.

ఆ ట్రైపే 1858లో, గుంటూరు మండలమునందలి అమరావతీ స్తూపమునుండి వాల్టర్ ఎలియట్ త్రవ్వించి తీయించి మద్రాసునకు చేర్చిన శిలాఫలకములను ఛాయాచిత్రములుగా తీసెను. మరుసటి సంవత్సరమే ఆ శిలలు ఓడలనెక్కి లండనునకు తరలినవి. నేటికిని బ్రిటిషు మ్యూజియములో నున్నవి. అవి మన తీరమును విడుచుటకు ముందు ఎట్లుండెనో, ఎక్కడెక్కడ అంచులు విఱిగియుండెనో తెలుపు తొలి ఛాయాచిత్ర సాక్ష్యములు అవియే. ఇంతచేసినవాని పని, వ్యయము హెచ్చుగా నున్నదని గవర్నరు ట్రెవెలియన్ తలచుటచే, త్వరలోనే నిలిచిపోయినది. ఆ యుద్యోగమును మఱి పదియేండ్లు సాగనిచ్చినయెడల గోదావరీ కృష్ణా మండలముల పురాతనస్థలములు మనకు ఎట్టి రూపమున దక్కియుండెడివో యని తలచుకొన్నపుడెల్ల మనసు కలుక్కుమనును.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అను ఆంగ్లేయుడు ప్రకటించిన తడిపలక పద్ధతి చిత్రమునకు అపూర్వమైన స్ఫుటత్వమును తెచ్చెను. యాత్రికుని నెత్తిమీద మాత్రము ఒక కొండను పెట్టెను. గాజుపలకపై కొలోడియన్ అను జిగురును సమముగా పోసి, సిల్వర్ నైట్రేటు తొట్టిలో ముంచి, తడి యారకముందే కెమెరాలో నుంచి, వెలుగు సోకనిచ్చి, వెంటనే చీకటిలోనికి కొనిపోయి కడుగవలెను. ఈ తతంగమంతయు పదిపదునైదు నిమిషములలో ముగియవలెను. అందుచేత ఛాయాగ్రాహకుడు పోయినచోటికెల్ల చీకటిగదియు వెంట పోవలసి వచ్చెను. 1855లో క్రిమియా యుద్ధరంగమునకు పోయిన రోజర్ ఫెంటన్ ఒక ద్రాక్షసారాయి వర్తకుని బండిని కొని, దానికి పసుపుపచ్చ అద్దముల కిటికీలమర్చి, చీకటిగదిగా మార్చుకొనెను. ఓడలో ఎక్కించిన సామగ్రి 36 పెద్దపెట్టెలు. అందు 5 కెమెరాలు, 700 గాజుపలకలు, వంటసామాను, పనిముట్లు. బండిని లాగుటకు గుఱ్ఱములు వేఱు. వేసవి ముదిరినకొలది ఆ బండిలో ఉదయము పదిగంటలు దాటినపిమ్మట నిలువ శక్యముగాక పోయెను. లేతరంగు పూసిన ఆ బండి రష్యనుల ఫిరంగులకు గుఱిగా కూడ నయ్యెను. అతడు దాదాపు 360 చిత్రములు తెచ్చెను. కలరా సోకి వడలిన దేహమునుకూడ తెచ్చెను.

ఈజిప్టులో ఫ్రాన్సిస్ ఫ్రిత్ పడిన పాట్లును ఇట్టివే. 1856 మొదలు మూడుపర్యాయములు ఆ దేశమున తిరిగిన యితడు మూడుకొలతల కెమెరాలను కొనిపోయెను. అందు పెద్దది 16 అంగుళముల వెడల్పు 20 అంగుళముల పొడవుగల పలకలను పట్టునది. ఆ కాలమున చిన్న నెగటివును పెంచి అచ్చువేయు సదుపాయము వాడుకలో లేకుండుటచే, పెద్ద చిత్రము కావలెనన్న పెద్ద కెమెరాను మోయవలసినదే. మఱియొక దారి లేదు. గుడారములోని వేడికి కొలోడియన్ పలకను తాకగనే మఱిగిపోవుచుండగా, అతడు పురాతనసమాధుల గుహలలో దూరి పలకలను సిద్ధపఱచుకొనెను. తెరలు దించిన అతని బండిని చూచి, లోపల అంతఃపుర స్త్రీలున్నారని అచ్చటి ప్రజలు తలచిరట.

ఇక హిమాలయములు. 1863లో కలకత్తాలో దిగి, సిమ్లాలో దుకాణము పెట్టిన శామ్యూల్ బోర్న్, ఆ యేడే 30 మంది కూలీలతో కొండలలోనికి పోయెను. మఱుసటి సంవత్సరము కాశ్మీరమునకు 42 మందితో బయలుదేరెను. ఆ కాశ్మీరయాత్రకు అతడు ఏర్చుకొన్న సామగ్రియే చదువదగినది: రెండు కొలతల కెమెరాలకు వలయు 650 గాజుపలకలు, పది యడుగుల యెత్తుగల చీకటిగుడారము, రసాయనముల పెట్టెలు, తన భోజనసామగ్రి, పడక, తుపాకులు. 1866లో మఱింత పెద్ద బలగముతో గంగోత్రివఱకు పోయి, త్రోవలో సుమారు 18,600 అడుగుల ఎత్తుననున్న మానిరంగ్ కనుమమీద పలక తడిపి చిత్రము తీసెను. అంతటి యెత్తున మఱియొకడు చిత్రము తీయుటకు ఇరువదియేండ్లు పట్టినది. వేళ్లు కొంకరపోవు చలిలో, గాలికి గుడారము నిలువనిచోట, తడిపలకను చెడకుండ కడుగుట యెట్టిదో ఆ పని తెలిసినవారు ఊహింపగలరు. బోర్న్ చిత్రములయందలి ప్రశాంతత, ఆ నీటిపై వ్రాలిన దేవదారు నీడలు, మంచుశిఖరముల మెత్తని తెలుపు నేటికిని నన్ను ముగ్ధుని చేయును.

కాని అతడు ఒక బ్రిటిషు పత్రికకు స్వయముగా వ్రాసిన యాత్రావృత్తాంతములను చదివినవానికి ఆ ప్రశాంతతవెనుక మఱియొక దృశ్యము కనబడును. కూలీలు మోతను దారిలో విడిచి పాఱిపోవుట, అతడు వారిని గ్రామములలో వెదకి పట్టుకొనుట, కఱ్ఱతో భుజములమీద కొట్టుట, ఇవన్నియు అతడు దాపఱికము లేక చెప్పుకొన్నవే. వెట్టిచాకిరివంటి బేగారు ఆ కొండసంస్థానములలో అప్పటికి అమలులో నుండెను. పొలముపనులు విడిచి మంచుదారులలో గాజుపెట్టెలు మోయవలసివచ్చిన రైతు పాఱిపోయెననిన, నేను అతనిని తప్పుపట్టజాలను. 650 పలకలను ఏర్చుకొనుటలో బోర్న్ ఏదియు విడువవలసిన యవసరమును కనలేదు. ఏలయన మోయువాడు తాను కాడు. పెద్ద పలకయా చిన్న పలకయా, ఒక కెమెరాయా రెండా అను విచారమునకు అతడు చెప్పుకొన్న సమాధానము, కూలీల సంఖ్యను పెంచుటయే. ఆ చిత్రముల క్రింద శిఖరముల పేర్లున్నవి, కనుమల యెత్తులున్నవి. మోసినవాని పేరు ఒక్కటియు లేదు.

రిచర్డ్ మాడాక్స్ అను వైద్యుడు 1871లో ప్రకటించిన జెలటిన్ పద్ధతి క్రమముగా మెఱుగుపడి, ఆ దశాబ్దాంతమునకు పొడిపలకలు అంగళ్లలో అమ్మకమునకు వచ్చెను. దానితో చీకటిగుడారమును తొట్టియు పెట్టెలనుండి తొలగినవి. ఆ మార్పువలన ఏమి జరిగెనో తెలియుటకు ఇసబెల్లా బర్డ్ ఒక్కతె చాలును. 1831లో జన్మించిన ఆమె, అఱువదియేండ్లు దాటినపిదప ఛాయాగ్రహణము నేర్చి, 1896లో చైనాలోని యాంగ్‌ట్సీ నదిపై పడవలో ప్రయాణము చేయుచు చిత్రములు తీసెను. రాత్రివేళ పడవగది సందులలో గుడ్డలు క్రుక్కి చీకటి చేసికొని పలకలను కడిగి, ఒండ్రుమట్టితో కలసిన ఆ నదీజలమునందే జాడించెడిది. తడిపలకల కాలమున అట్టి వృద్ధస్త్రీ తలంపుననైనను తెచ్చుకొనరాని పని ఇది. బరువు తగ్గిన విద్యలోనికి కొత్తమనుష్యులు వత్తురు. వారి కన్నులు కొత్తవానిని చూచును.

ఈస్ట్‌మన్ దగ్గఱకు మఱల వత్తము. అతడు మొదట పొడిపలకలు చేసి అమ్మి, పిమ్మట గాజునే విడిచిపెట్టి, చుట్టగా చుట్టదగిన ఫిల్మును చేపట్టి, 1888లో కొడాక్ అను చేతిపెట్టెను వెలువరించెను. వెల 25 డాలర్లు. లోపల 100 చిత్రములకు సరిపోవు ఫిల్ము. అన్నియు తీసిన తరువాత పెట్టెను పెట్టెవలెనే కర్మాగారమునకు పంపి 10 డాలర్లు చెల్లించినచో, చిత్రములను అచ్చువేసి, కొత్త ఫిల్ము నింపి తిరిగి పంపెడివారు. అప్పటినుండి కెమెరా యాత్రికుని చేతిలోనికి వచ్చెను, కూలీ తొలగెను. స్ఫుటత్వములో ఆ చిన్న గుండ్రని చిత్రములు బోర్న్ పలకలముందు నిలువవు. అయినను, ఎంత మోయవలెనను ప్రశ్న మోయువాని కొఱకే తొలిసారి మిగిలినది, ఈ పెట్టెతోడనే.

అట్టి ప్రశ్న మానవునకు ఎంత కఠినముగా ఎదురుకాగలదో దక్షిణధ్రువయాత్రలు చూపినవి. 1912 జనవరిలో ధ్రువమును చేరిన బ్రిటిషు అన్వేషకుడు స్కాటు బృందమువారు, దారమును లాగి తమ చిత్రమును తామే తీసికొనిరి. ఆ నవంబరులో వారి మృతదేహములతోకూడ దొరకిన ఫిల్మును కడుగగా, పదినెలలు మంచులో నున్నను చిత్రము చెడక వచ్చెను. కాని నా దృష్టిలో ఛాయాగ్రాహకుని మూటను గూర్చిన చరిత్రకంతటికిని శిఖరమువంటిది ఫ్రాంక్ హర్లీ వృత్తాంతము. షాకిల్టన్ నాయకత్వమున 1914లో బయలుదేరిన ఎండ్యూరెన్స్ నౌక వెడెల్ సముద్రపు మంచులో చిక్కి నలిగి, 1915 అక్టోబరు చివర విడువబడెను. ఆ యాత్రకు ఛాయాగ్రాహకుడైన హర్లీ, నీటమునిగిన గదులలోనికి గోడలు నఱికి దారిచేసికొని పోయి, అర్ధనగ్నుడై మంచునీటిలో మునిగి, నెగటివుల డబ్బాలను పైకి తీసెను. అప్పటికి నాయకుడు విధించిన కట్టుబాటు ఏమన, ప్రతివాడును తనవి యనదగిన వస్తువులలో రెండు పౌనులకు మించి యుంచుకొనరాదు. బంగారు నాణెములను తానే మంచుమీద పాఱవైచి అందఱకును దారి చూపెను.

నవంబరు 9వ తేదీన షాకిల్టనును హర్లీయు మంచుమీద కూర్చుండి, సుమారు 520 గాజుపలకలను ఒక్కొక్కటిగా వెలుగునకు పట్టి చూచిరి. 120 పలకలను ఉంచుకొనుటకు నిశ్చయమయ్యెను. తక్కిన 400 పలకలను, మఱల మనసు మార్చుకొని వెనుకకు వచ్చి ఏఱుకొనకుండుటకై, హర్లీ అక్కడికక్కడనే పగులగొట్టెను. కెమెరాలన్నింటిని విడిచి, జేబులో పట్టు చిన్న కొడాకును, మూడు ఫిల్ము చుట్టలను మాత్రము దగ్గఱనుంచుకొనెను. అటుపిమ్మట నెలలతరబడి మంచుగడ్డలమీదను, చిన్న పడవలలోను, ఎలిఫెంట్ ద్వీపపు ఱాళ్లమీదను గడచిన కాలమునకెల్ల అతడు తీసినవి 38 చిత్రములే. 1916 ఆగస్టు 30న వారిని రక్షించుటకు ఓడ వచ్చువఱకు ఆ పలకల డబ్బా చెక్కుచెదరలేదు. ఆ 38 చిత్రములు మసకగా నుండుట నిజమే. కాని తీయదగినది యేది, తీయనక్కఱలేనిది యేది యను వివేకము వానిలో ఉన్నంతగా మఱెచ్చటను నేను చూడలేదు. పగిలిన 400 పలకలలో ఏమేమి యుండెనో లోకమునకు తెలియదు. మిగిలినవానిని చూచినవాడెవడును ఆ యాత్ర చాలినంతగా చిత్రింపబడలేదని అనజాలడు.

జర్మనీలోని వెట్జ్‌లార్ పట్టణమున సూక్ష్మదర్శినులు చేయు లైట్జ్ కర్మాగారములో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ ఉబ్బసరోగి. కొండదారులలో తిరుగుటయన్నను చిత్రములు తీయుటయన్నను మక్కువ. పెద్ద కెమెరాను మోయుటకు ఊపిరి చాలదు. సినిమా ఫిల్మును వాడుకొని అఱచేతిలో ఇముడు కెమెరాను అతడు మొదటి ప్రపంచయుద్ధమునకు కొంచెము ముందుగా తయారుచేయగా, 1914లో ఎర్నెస్ట్ లైట్జ్ ఆ నమూనాను వెంటబెట్టుకొని అమెరికాకు పోయి వచ్చెను. 1925 వసంతమున లైప్‌జిగ్ సంతలో అది లైకా అను పేర అమ్మకమునకు వచ్చినది. ఒక రోగి ఊపిరికొలతనుబట్టి లోకమంతటి ఛాయాగ్రాహకుల చేతిపనిముట్టు రూపుదిద్దుకొన్నదనుట అతిశయోక్తి కాదు. కాని 1930 తరువాత లెన్సులను మార్చుకొను వీలు కలుగుటతో, తగ్గిన బరువు లెన్సుల రూపమున మఱల సంచిలోనికి చేరసాగెను. దూరమునకు ఒకటి, దగ్గఱకు ఒకటి, విశాలదృశ్యమునకు మఱియొకటి యని కొనుచుపోయినవాని సంచి, చూచుచుండగానే ఫెంటన్ పెట్టెలకు దాయాదియగును.

ఆ లోభమునకు లోబడనివాడు ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్టియే బ్రెసన్. చిన్న లైకాయు, ఎక్కువభాగము 50 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కటియే అతని సాధనములు. మెఱయు భాగములను నల్లని పట్టీతో కప్పుకొని జనములో కలసిపోయెడివాడు. 1948 జనవరి చివర ఢిల్లీలో గాంధీమహాత్ముని కడపటి దినములను, అంత్యయాత్రను అతడు తీసిన చిత్రములు ఆ తేలికదనమునకు ఫలములు. అంతకు రెండేండ్లకు ముందు పూనాలో, రాట్నముచెంత కూర్చున్న గాంధీజీని తీయవచ్చిన మార్గరెట్ బూర్క్ వైటుకు మూడే మూడు ఫ్లాషు బల్బుల వెలుగునకు అనుమతి దొరకెను. మొదటి రెండును వ్యర్థమయ్యెను. మూడవదానితో లభించిన చిత్రమును ఎఱుగని భారతీయుడు లేడు.

1953 మే 29న ఎవరెస్టు శిఖరముపై ఎడ్మండ్ హిల్లరీ, చలికి బిగుసుకొనిపోకుండ చొక్కాలోపల దాచుకొన్న రెటీనా అను చిన్న కొడాక్ కెమెరాను బయటికి తీసెను. అది అతడు పాతదిగా కొన్నది. ఆ కెమెరాతో తీసిన చిత్రములో శిఖరముపై నిలిచి మంచుగొడ్డలిని ఎత్తి పట్టినవాడు టెన్సింగ్ నార్గే. 1935లో మొదటిసారి ఎవరెస్టు యాత్రలో మోతకూలీగా చేరినవాడు. టెన్సింగునకు కెమెరా వాడుక తెలియదని తలచి, దానిని నేర్పుటకు అది తగిన చోటు కాదనుకొని హిల్లరీ తన చిత్రమును తీయించుకొనలేదు. హిమాలయపు మోతగాడు చిత్రము నడుమకు వచ్చి, పేరుతో సహా లోకమునకు తెలియుటకు, బోర్న్ మానిరంగ్ యాత్రనుండి 87 ఏండ్లు పట్టినది.

అటుతరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. 1969లో చంద్రునిపై దిగినవారు తాము వాడిన హాసెల్‌బ్లాడ్ కెమెరాను అచ్చటనే విడిచి, ఫిల్ముపెట్టెలను మాత్రము తెచ్చిరి. శిలలకు చోటు కావలసియుండెను. డిజిటల్ కెమెరాలు వచ్చి ఫిల్మును, దానిని విమానాశ్రయముల ఎక్స్‌రేలనుండి కాపాడుకొను చింతను తొలగించినవి. బదులుగా బ్యాటరీలు, ఛార్జర్లు, ఆయా దేశముల ప్లగ్గులు వచ్చి చేరినవి. విడి లిథియం బ్యాటరీలను విమానపు సరకుగదిలోనికి ఎక్కనీయరు, చేతిసంచిలోనే యుంచుకొనవలెను. ఆ చేతిసంచికి పెక్కు విమానసంస్థలు పెట్టిన హద్దు ఏడు కిలోలు. విలువగల సామగ్రితో మన దేశమునుండి పోవువారు, తిరిగివచ్చునప్పుడు సుంకపు చిక్కు లేకుండుటకై బయలుదేరునపుడే కస్టమ్సు అధికారులవద్ద ఎగుమతి ధ్రువపత్రమును పొందు ఏర్పాటు కలదు. అమెరికాలోని బిడ్డలను చూడబోవు మన పెద్దలు ఈ పత్రమును ఉపేక్షించుట మంచిది కాదు.

దేశాంతరమునకు ప్రయాణమగు పాఠకునకు నా మనవి యొకటి. తీసికొనిపోదలచినదానినంతయు సంచిలో సర్ది, బయలుదేరుటకు ముందుగా ఒకనాడు ఉదయమునుండి సాయంకాలమువఱకు, మీ యూరి వీథులలోనే దానిని భుజమున వేసికొని తిరుగుడు. ఆనాడు బయటికి తీయని లెన్సులను, స్టాండులను ఇంటనే విడిచి పొండు. కొండదారులలో మోతకు మనుష్యులను పెట్టుకొనవలసి వచ్చినచో, కూలి ముందుగా నిశ్చయించి, వారి పేర్లను వారినే అడిగి వ్రాసికొని, చిత్రముల క్రింద శిఖరముల పేర్లతోపాటు ఆ పేర్లనుకూడ ముద్రింపుడు.